బతికిన మొక్కల లెక్క

పెద్దమ్మగారి సంస్మరణ సభకు విచ్చేసిన పెద్దలకు, ఆమె కుటుంబ సభ్యులకు, నర్సరీలో ఆమెతో కలిసి పనిచేసిన వారికి, ఆమె చేతి మొక్కలను తమ ఇళ్లలో పెంచుకుంటున్న మీ అందరికీ నమస్కారం.

నాకు ముందు మాట్లాడినవారు ఆమెను ప్రకృతి ప్రేమికురాలు అన్నారు, దానశీలి అన్నారు. రెండూ నిజమే. కానీ ఆ మాటల మధ్య ఆమె ఒక వ్యాపారం నడిపిన మనిషి అన్న సంగతి మరుగున పడిపోకూడదు. పెద్దమ్మగారు మొక్కలు అమ్మారు. ఆ అమ్మకాలతోనే పిల్లలను చదివించారు, పనివారికి జీతాలిచ్చారు, తొంభై ఏళ్లు దాటేదాకా ఎవరి మీదా ఆధారపడకుండా బతికారు. పదిమందికి ఆమె చేసిన మేలు వ్యాపారం ముగించుకున్నాక తీరిక వేళల్లో చేసింది కాదు. మొక్కను పెంచిన తీరులో, అమ్మిన తీరులో, అమ్మనని తిప్పి పంపిన తీరులో ఆ మేలంతా ఉంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది అదే.

మొక్కల వ్యాపారానికి ఒక విచిత్రమైన లక్షణం ఉంది. బట్ట కొంటే రెండు ఉతుకులకు దాని రంగు తేలిపోతుంది. మొక్క సంగతి అలా కాదు. ఫలానా రకం మామిడి అంటు అని చెప్పి ఇస్తే, అది ఆ రకమో కాదో తెలియడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. కాపు వచ్చి, కాయ పండి, రుచి చూసేదాకా కొన్నవారికి అనుమానం కూడా రాదు. అప్పటికి ఆ మొక్కకు ఎరువు వేశారు, నీళ్లు పోశారు, పాదు చేశారు, పురుగు పడితే కాపాడుకున్నారు. పోయింది మొక్కకు ఇచ్చిన డబ్బు మాత్రమే కాదు, ఆ ఏళ్లు కూడా. వాటిని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

వేళ్ల సంగతి ఇంకా కఠినం. పాలిథిన్ సంచిలో మొక్క ఎక్కువ కాలం ఉంటే, చోటు చాలక వేళ్లు అడుగున గుండ్రంగా చుట్టుకుంటాయి. పైకి చూస్తే మొక్క ఏపుగా, నిలువెత్తుగా ఉంటుంది. కొనేవారి చూపు ముందు దాని మీదే పడుతుంది. తెచ్చి నేలలో నాటినా ఆ చుట్టు దానంతట అది విప్పుకోదు. వేరు లావెక్కుతుంది, కాండం లావెక్కుతుంది, చివరికి ఆ వేరే చెట్టు మొదలును బిగించేస్తుంది. ఏళ్ల తరబడి బాగానే ఉన్న చెట్టు ఒక గాలివానకు పునాది లేనట్టు పడిపోతుంది. అప్పుడు అందరూ గాలిని తిట్టుకుంటారు. నర్సరీ ఎవరికీ గుర్తుకు రాదు. తప్పు జరిగిన చోటికి, దాని ఫలితం బయటపడే చోటికి ఇంత దూరం ఉన్న పనిలో, చూసేవారు ఎవరూ లేకపోయినా నిజాయితీగా ఉండటం చాలా పెద్ద విషయం.

పెద్దమ్మగారి నర్సరీలో ప్రతి వరుస దగ్గరా ఒక పలక ఉండేది. దాని మీద మొక్క పేరుతో పాటు సంచిలో వేసిన నెల రాసి ఉండేది. గడువు మించిన మొక్కను ఆమె పెద్ద సంచికి మార్చేవారు. మార్చేటప్పుడు చుట్టుకున్న వేళ్లను కత్తితో నిలువునా కోసేవారు. అప్పటికే మొదలు దగ్గర బిగుసుకుపోయినవాటిని ఎరువు గుంటలో వేసేవారు. కొనడానికి వచ్చినవారు ఎవరైనా ఆ గుంటలో పచ్చగా ఉన్న మొక్కలను చూసి, పారేసే బదులు తక్కువ ధరకు తమకు ఇవ్వమని అడిగేవారు. ఆమె ఇచ్చేవారు కాదు. సంచి చింపి, వేళ్లు చూపించి, "ఇది మీ ఇంటి పక్కన పెరిగి ఒక రోజు మీ కప్పు మీదే పడుతుంది" అని చెప్పేవారు. దానం ఇవ్వడానికి కూడా ఆమెకు ఒక ప్రమాణం ఉండేది. అమ్మకానికి పనికిరాని మొక్క దానానికీ పనికిరాదు.

నేను కళాశాలలో వృక్షశాస్త్రం బోధించేవాడిని. విద్యార్థులను ఆమె దగ్గరకు తీసుకెళ్లేవాడిని. అంటు కట్టడం గురించి పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మ, నాలుగు వాక్యాలు ఉంటాయి. ఆమె పని చూస్తే అందులో ఎంత ఉందో తెలిసేది. మామిడి కొమ్మ కోయడానికి వారం పది రోజుల ముందే తల్లి చెట్టు దగ్గరకు వెళ్లి, ఎంచుకున్న కొమ్మలకు ఆకులు తీసేసి, తొడిమలు మాత్రం ఉంచేవారు. ఆకులు పోయిన కొమ్మ చివర మొగ్గలు ఉబ్బుతాయి. అలా సిద్ధమైన కొమ్మను పెన్సిలు మందాన, జానెడు కంటే తక్కువ పొడవున కోసి తెచ్చేవారు. దాని అడుగును రెండు వైపులా ఏటవాలుగా చెక్కేవారు. విత్తనం నుంచి పెంచిన కింది మొక్క తల కోసి, నడిమికి చీల్చి, ఆ చీలికలో దీన్ని దించేవారు.

బెరడుకు, కట్టెకు మధ్య ఒక పలుచని పొర ఉంటుంది. కొత్త కణాలు పుట్టేది అక్కడే. పై కొమ్మలో ఉన్న పొర కింది మొక్కలోని పొరను కనీసం ఒక పక్కనైనా తాకాలి. కొమ్మ సన్నగా ఉన్నప్పుడు చీలికకు సరిగ్గా నడుమ పెడితే చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కానీ రెండు పక్కలా తాకదు, కొద్ది రోజుల్లో ఎండిపోతుంది. అందుకే ఆమె కొమ్మను ఒక అంచుకు జరిపి పెట్టేవారు. పెట్టాక బొటనవేలి గోరుతో ఆ అంచు మీద పైనుంచి కిందికి ఒకసారి రాసేవారు. గోరుకు మెట్టు తగిలితే తీసి మళ్లీ పెట్టేవారు. చివరి ఏళ్లలో చూపు బాగా మందగించింది. అయినా ఆ గోరు పరీక్ష మాత్రం తప్పలేదు. కత్తి విషయంలో మరీ పట్టుదల. చెక్కు ఒక్క ఊపులో పూర్తి కావాలి. రెండోసారి కత్తి ఆనిస్తే తలం గరుకు అవుతుందని, ఆ కొమ్మ పక్కన పెట్టి ఇంకొకటి తీసుకొమ్మని పిల్లలకు చెప్పేవారు. నా విద్యార్థులలో కొందరికి శాస్త్రం అర్థమైంది ఆ అరుగు మీదే.

ఆ విద్యను ఆమె దాచుకోలేదు. ఆమె దగ్గర పని నేర్చుకున్నవారు బయటకు వెళ్లి సొంతంగా నర్సరీలు పెట్టుకున్నారు. వారిలో పలువురు ఈ సభలో ఉన్నారు. వెళ్లేటప్పుడు వారికి తన తల్లి చెట్ల నుంచి కొమ్మలు కోసి ఇచ్చేవారు. పోటీని చేతులారా పెంచుకుంటున్నారని బంధువులు మందలించారు. ఒకే చోట ఉన్న రకం ఎప్పటికైనా పోతుందని, నలుగురి దగ్గర ఉన్న రకమే నిలుస్తుందని ఆమె నమ్మకం.

ఆ నమ్మకానికి వృక్షశాస్త్ర చరిత్రలో గట్టి ఆధారం ఉంది. అమెరికాలో జాన్ బార్‌ట్రమ్ అనే రైతు ఉండేవారు. మొక్కలు, విత్తనాలు సేకరించి ఇంగ్లండుకు పెట్టెలు పంపుతూ నర్సరీ నడిపినవారు. 1765లో ఆయన, కొడుకు విలియం కలిసి జార్జియాలో ఆల్టమహా నది ఒడ్డున ఒక చిన్న చెట్టును చూశారు. తెల్లని పెద్ద పూలు పూసే చెట్టు అది. తరువాత విలియం మళ్లీ అక్కడికి వెళ్లి దాని విత్తనాలు తెచ్చి, ఫిలడెల్ఫియాలోని తమ తోటలో పెంచారు. తండ్రి స్నేహితుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు మీద దానికి ఫ్రాంక్లీనియా అని పేరు పెట్టారు. 1803 తరువాత అడవిలో ఆ చెట్టును చూసినట్టు ఎక్కడా నమ్మదగిన ఆధారం లేదు. ఈ రోజు ప్రపంచంలో ఉన్న ప్రతి ఫ్రాంక్లీనియా చెట్టూ ఆ తోటలో పెంచిన మొక్కల సంతానమే. ఒక నర్సరీ కుటుంబం కొన్ని విత్తనాలు తెచ్చి, మొలిపించి, పెంచి, పదిమందికి పంచింది కాబట్టే ఒక జాతి మొత్తం భూమ్మీద మిగిలింది. వారు వాటిని తమ దగ్గరే దాచుకుని ఉంటే, ఒక్క చలికాలమో, ఒక్క తెగులో చాలేది.

పెద్దమ్మగారి విషయంలో ఇది మన కళ్ల ముందే జరిగింది. నర్సరీ వెనుక వైపు ఒక నిమ్మ చెట్టు ఉండేది, మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. తోలు పలుచన, రసం ఎక్కువ. అది ఆమె అత్తగారు పెట్టిన చెట్టు. ఒక ఏడాది గాలివానకు మొదలంటా కూలిపోయింది. దాన్ని నిలబెట్టడానికి వేళ్లలో పట్టు మిగల్లేదు. ఆమె దగ్గర పనిచేసి వెళ్లిన ఒకాయన, ఆమె ఎప్పుడో ఇచ్చిన కొమ్మతో కట్టిన మొక్క తన తోటలో చెట్టయి ఉందని గుర్తు చేసుకుని, దానికి గాలి అంట్లు కట్టి తెచ్చి ఇచ్చారు. కొమ్మకు వేలెడు వెడల్పున బెరడు తీసి, తడి నాచు చుట్టి, ప్లాస్టిక్ కాగితంతో బిగించి, వేళ్లు వచ్చాక కోసి వేరు చేసినవి. ఇప్పుడు నర్సరీలో ఉన్న నిమ్మ తల్లి చెట్లన్నీ అవే. ఆమె అరుగు మీద పోటీ గురించిన మాట ఆ తరువాత మళ్లీ రాలేదు.

ఇక తిప్పి పంపడం గురించి. ఆమె దగ్గర మొక్క కొనడం అంత తేలిక కాదని మీ అందరికీ తెలుసు. ఏ మొక్క కావాలో చెప్పే ముందే ఎక్కడ పెడతారో చెప్పాలి. ఎండ ఏ వేళ వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, గోడ ఎంత దూరం, పైన కరెంటు తీగలు ఉన్నాయా, నీళ్లు ఎవరు పోస్తారు. ఎండ తగలని బాల్కనీకి గులాబీ అడిగితే ఇచ్చేవారు కాదు. నీడలో బతికే మొక్కలు చూపించేవారు. అవి నచ్చకపోతే పోనిమ్మనేవారు. గోడ పక్కన మర్రి జాతి మొక్కలు అడిగినవారికి వేళ్లు ఎంత దూరం పాకుతాయో చెప్పి పంపేవారు. బొప్పాయి నారుకు వచ్చినవారికి ముందే చెప్పేవారు, ఈ రకంలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు, పూత వచ్చేదాకా ఏది ఏదో నేనూ చెప్పలేను, గుంతకు రెండు మూడు పెట్టి, పూత చూసి ఏరేయండి, పదింటికి ఒక మగ మొక్కను ఉంచండి అని. అన్నీ కాస్తాయని చెప్పి అమ్మడం సులువు. పూత వచ్చేసరికి నెలలు గడుస్తాయి.

ఆమెకు గట్టిగా కోపం రావడం నేను చూసింది చందనం మొక్కల విషయంలో. శ్రీగంధం సొంతంగా పూర్తి ఆహారం సంపాదించుకోలేదు. ఆకులతో కొంత తయారు చేసుకుంటుంది. నీరు, ఖనిజాలలో కొంత భాగం పక్క మొక్క వేళ్లకు తన వేళ్లు అతికించి పీల్చుకుంటుంది. అందుకే నర్సరీలో అదే సంచిలో కంది మొక్కనో, అలాంటి మరో మొక్కనో పెంచుతారు. ఒక పెద్ద తోట కోసం ఆమె అలా పెంచి పంపిన మొక్కలను అక్కడివారు శుభ్రం చేశారు. కలుపు అనుకుని తోడు మొక్కలన్నీ పీకేశారు. చందనం వాడిపోవడం మొదలైంది. కబురు తెలిసిన రోజు ఆమె భోజనం కూడా చేయకుండా కంది గింజల సంచీతో అక్కడికి వెళ్లారు. ప్రతి పాదులో గింజలు వేయించారు. దూరంగా, వరుసల మధ్య, పెద్దయ్యాక తోడుండే చెట్లు నాటించారు. అందుకు డబ్బు తీసుకోలేదు. సంచి గేటు దాటితే తన బాధ్యత తీరిపోయిందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

పెద్ద సంఖ్యలో మొక్కలు కావాలని వచ్చేవారి గురించి కూడా చెప్పాలి. ఒక సంస్థవారు వచ్చి, వారం రోజుల్లో వేల మొక్కలు కావాలని, నాటే కార్యక్రమానికి తేదీ ఖాయమైందని అడిగారు. ఏ వ్యాపారికైనా అది పండుగ లాంటి బేరం. వేసవిలో నీళ్లు పోసేది ఎవరని ఆమె అడిగారు. జవాబు లేదు. ఎంతమందికి జీతమిచ్చి నీళ్లు పోయించగలరో లెక్క కట్టి, అంతమంది కాపాడగలిగినన్ని మొక్కలే ఇస్తానన్నారు. వారు వేరే చోట తీసుకున్నారు.

ఈ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నాటిన మొక్కల సంఖ్య చెప్పుకోవడం మనకు దుర్వ్యసనంగా మారింది. ఫలానా రోజున ఇన్ని నాటాం అంటాం. మరుసటి ఏడాది అదే గుంతల్లో మళ్లీ నాటుతాం. కెన్యాలో వంగారి మాతాయ్ 1977లో హరిత వలయ ఉద్యమాన్ని ప్రారంభించినప్పుడు పల్లెటూరి స్త్రీల చేత చిన్న చిన్న నర్సరీలు పెట్టించారు. వారే విత్తనాలు ఏరారు, నారు పోశారు, నాటారు. నాటినందుకు కాక, బతికిన మొక్కకు మాత్రమే వారికి కొద్దిపాటి సొమ్ము ముట్టేది. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు ప్రపంచమంతా కోట్ల చెట్ల గురించి మాట్లాడింది. ఆ కోట్ల వెనుక ఉన్నది ఈ చిన్న నియమం. పెద్దమ్మగారికి మాతాయ్ గురించి నేను చెప్పినప్పుడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న, నాటిన ఎన్నాళ్లకు లెక్క చూసేవారు అని. ఆ ప్రశ్న అడగాలంటే చేతులు మట్టిలో ఉండాలి.

ఆమె తన లెక్కను పుస్తకాల్లో రాసుకున్నారు. పొడుగాటి ఖాతా పుస్తకాలు, అట్టలకు గుడ్డ అంటించినవి. ఎడమ పక్క మొక్క పేరు, తీసుకున్న వారి పేరు, ఎక్కడ నాటారన్నది. కుడి పక్క ఖాళీ. ఏడాది గడిచాక మనిషి ద్వారానో, తరువాతి రోజుల్లో ఫోను ద్వారానో అడిగి ఆ ఖాళీ నింపేవారు. బతికింది, పోయింది, మేక తినింది, ఇల్లు మారారు. పోయిందని రాసిన చోట ఎందుకు పోయిందో కూడా ఉంటుంది. ఒకే రకం మొక్క ఒకే విధంగా పదిచోట్ల పోతే, తన పెంపకంలోనే లోపం ఉందని మట్టి మిశ్రమం మార్చేవారు. ఆ పుస్తకాల్లో ఒక పేజీలో నీడ పందిరి కింద నుంచి నేరుగా ఎండలోకి పంపిన మొక్కలు మాడిపోయాయని రాసి ఉంది. ఆ తరువాతి పేజీ నుంచి, పంపే ముందు కొన్ని వారాలు ఎండకు అలవాటు చేసినట్టు నమోదు ఉంది. పరిశోధన అంటే ఇదే. డిగ్రీలున్న చోట కూడా ఇంత ఓపికగా రాసిన పుస్తకాలు నేను ఎక్కువగా చూడలేదు.

నర్సరీలో ఆసుపత్రి వరుస అని ఒకటి ఉండేది. ఆ పేరు పనివారు పెట్టింది. ఇళ్లలో చావు బతుకుల్లో ఉన్న కుండీలను జనం అక్కడ వదిలి వెళ్లేవారు. ఎక్కువ భాగం నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లినవే. ఆమె మట్టి దులిపి, నల్లబడి మెత్తబడిన వేళ్లు కోసి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో పెట్టి, నీడలో ఉంచి, కొన్నాళ్లు నీళ్లు దాదాపు పోయకుండా వదిలేసేవారు. కోలుకున్నాక కబురు చేసేవారు. భర్త పోయిన ఒక పెద్దావిడ, ఆయన పెంచిన మల్లె పొద ఎండిపోతోందని తెచ్చి అక్కడ పెట్టి వెళ్లడం నాకు తెలుసు. పొద బతికింది. దానితో పాటు ఆవిడ రోజూ నర్సరీకి రావడం అలవాటైంది. సంచుల్లో మట్టి నింపుతూ, పనివారితో మాట్లాడుతూ ఏళ్ల తరబడి ఉన్నారు. అలా ఒంటరితనంతో వచ్చి ఆ వరుస దగ్గర కూర్చున్నవారు చాలామంది. పెద్దమ్మగారు ఎవరినీ ఓదార్చినట్టు కనిపించేవారు కాదు. చేతికి ఒక పని ఇచ్చేవారు.

విత్తనాల కాలంలో మాత్రం ఎవరినీ కూర్చోనిచ్చేవారు కాదు. వేప పండు రాలితే వెంటనే ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, రోజుల్లోనే విత్తాలి. కొన్ని వారాలు ఆలస్యమైతే చాలా గింజలు మొలవవు. నేరేడు, పనస గింజలు ఎండితే చచ్చిపోతాయి. తుమ్మ, తంగేడు వంటివాటికి పెంకు గట్టిది. వేడి నీళ్లు పోసి ఒక రాత్రి నానబెడితేగాని నీరు లోపలికి దిగదు. చుట్టుపక్కల బడిపిల్లలందరికీ ఈ తేడాలు తెలుసు. ఎందుకంటే ఏరింది వాళ్లే. తెచ్చిన గింజలకు బదులుగా మొక్కలు ఇచ్చేవారు. ఆ పిల్లల్లో కొందరికి ఇప్పుడు మనవలున్నారు.

ఆమె వెళ్లిపోయిన రోజున కూడా నర్సరీలో నీళ్లు పోయడం ఆగలేదు. ఆగకూడదని ఆమె ముందే చెప్పి ఉంచారట. నారుమడి ఒక్క ఎండ పూట తడి తప్పితే పోతుంది కదా.

ఇప్పుడు ఆమె మనుమరాలు నర్సరీ చూసుకుంటున్నారు. అంట్లు కట్టడం చిన్నప్పుడే నేర్చుకున్నారు, పుస్తకాలు కూడా కొనసాగిస్తున్నారు. పాత పుస్తకాల్లో చెదలు పట్టినవాటిని మా కళాశాల విద్యార్థులు నకలు రాస్తున్నారు. ఎవరి దగ్గరైనా ఆమె ఇచ్చిన పాత రకాల చెట్లు ఉంటే, ముఖ్యంగా ఇప్పుడు నర్సరీలో తల్లి చెట్టు మిగలని రకాలు ఉంటే, దయచేసి తెలియజేయండి. కొమ్మలు కోసుకోవడానికి వారే వస్తారు, మీరు కోయవద్దు. గేటు దగ్గర మొక్కలు సిద్ధంగా ఉన్నాయి. తీసుకునేవారు పేరు, నాటే చోటు పుస్తకంలో రాయించండి. సంచి పూర్తిగా తీసేసి నాటండి, అంటు కట్టిన చోటు మట్టికి పైన ఉండాలి, దాని కింద నుంచి వచ్చే చిగుళ్లను తుంచేయండి. వచ్చే ఏడాది ఇదే నెలలో మనుమరాలు ఫోను చేస్తారు.